స్పీకరులో చెప్పని మాట

రాజోలు,
జూన్ 2023

ఏమండీ,

అందరం కులాసా అని మొదలుపెట్టాలి. అత్తయ్యగారు కులాసా, మన బిడ్డ జాయ్ కులాసా. నేను మాత్రం కాదు. అది ఫోనులో చెప్పే వీల్లేదు కదా. అత్తయ్యగారికి చెవులు మందగించాయని ఏ ముహూర్తాన స్పీకరు పెట్టామో గానీ, ఇన్నేళ్ళుగా మన సంసారమంతా హాల్లోనే జరుగుతోంది. మీరు "తిన్నావా?" అని నన్నడిగితే, "తిందిరా" అని ఆవిడే జవాబు చెబుతారు. అందుకే సెలవు ముగించుకుని ఖార్టూం తిరిగొస్తున్న మీ మామిడికుదురు మోషే అన్నయ్య చేతికి ఈ కవరిస్తున్నాను. దారిలో విప్పనని ఒట్టు పెట్టించుకున్నాను లెండి.

ఏప్రిల్లో అక్కడి సైన్యం రెండు ముక్కలై ఊరి నడిబొడ్డున కాల్చుకుంటుంటే నాకు ముద్ద దిగలేదు. మీరు జనరేటర్లు చూసే ఆసుపత్రి గోడకి గుళ్ళు తగిలాయని విన్నాక నిద్ర కూడా పోయింది. మనవాళ్ళని తీసుకురావడానికి ఓడ వచ్చిందనీ, మీరు రేవుకి పోయే బస్సెక్కారనీ తెలిసిన రోజున కడుపునిండా తిన్నాను. మేడ మీద గది కడిగాను. కాట్రేనికోనలో మా తమ్ముడు కామరాజుకి ఫోన్ చేసి మీకు పనేమైనా ఉంటుందా అని అడిగాను. "రొయ్యల చెరువులన్నీ జనరేటర్ల మీదే కదక్కా. బావగారు రావాలే గానీ, మేం వదుల్తామా?" అన్నాడు. మీకు చెప్పకుండా అడిగినందుకు కోప్పడకండి.

అంతలో యుద్ధం ఆగిపోయింది. ఏళ్ళ తరబడి సాగుతుందని టీవీలో పెద్దపెద్దవాళ్ళు చెప్పిన యుద్ధం, నెల తిరక్కుండానే సంధి కుదిరి ఆగిపోయింది. దారిలో టీ కొట్టు దగ్గర దిగి మీరు ఫోన్ చేశారు. "ఆసుపత్రి వాళ్ళు వెనక్కి వచ్చేయమంటున్నారు. బస్సేమో ఓడ దగ్గరికి పోతోంది. ఏం చెయ్యమంటావు ఇందిరా?" అన్నారు. హాల్లో అత్తయ్యగారున్నారు, మీ కోసం ప్రార్థన చెయ్యడానికి వచ్చిన పాస్టరుగారున్నారు, సంఘం వాళ్ళు సగంమంది ఉన్నారు. అందరూ నా మొహమే చూస్తున్నారు. వచ్చేయండి అన్న మాట నోటిదాకా వచ్చింది. మంచి ఉద్యోగం మానిపించిందంటారేమోనని భయం. "మీ ఇష్టమండీ" అన్నాను. మీరు "ఆయ్, సరే" అని పెట్టేశారు.

ఆ ఆదివారం మనింట్లోనే కృతజ్ఞత కూడిక పెట్టారు. పాస్టరుగారు నన్ను లేచి సాక్ష్యం చెప్పమన్నారు. యుద్ధం ఆపి మా ఆయన్ని కాపాడిన దేవుడికి స్తోత్రం అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. ఆ తర్వాత మేడ మీద గదిలోకెళ్ళి, ఇంకొక్క వారం ఆ యుద్ధం సాగి ఉంటే మీరు ఓడెక్కేసేవారు కదా అని ఏడ్చాను. అక్కడ ఎవరి బిడ్డలో చచ్చిపోతుంటే నేనిలా అనుకున్నాను. నేనేం మనిషినండీ? పాపిష్టిదాన్ని. అప్పట్నుంచీ మన సంఘం గుడిలో అందరూ పాడుతుంటే నేను పాటల పుస్తకం మూసేస్తున్నాను. ఇది మీకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేను.

కాయితానికి స్పీకరు లేదు కాబట్టి రాస్తున్నాను. వచ్చేయండి. నాకు మీరు కావాలి.

మీ
ఇందిర

---

రావులపాలెం నుంచి రాజోలు బస్సులో,
జూలై

ఇందిరా,

అక్షరాలు వంకర్లు పోతే ఆ తప్పు రోడ్డుది. నీ ఉత్తరం మోషే నాకు జనరేటరు గదిలో ఇచ్చాడు. ఆ మోతలో మనిషి ఏడ్చినా బయటికి వినపడదు, మంచిదైంది.

ఆ రోజు టీ కొట్టు దగ్గర నేను సంచీ భుజాన పెట్టుకునే ఫోన్ చేశాను. రమ్మంటావనుకున్నాను. "మీ ఇష్టమండీ" అన్నావు. చేపలమ్మే ఆవిడతో కూడా నువ్వంత మర్యాదగా మాట్లాడవు కదే. నేను లేకుండా బతకడం నీకు అలవాటైపోయిందనుకుని సంచీ దించేశాను. బస్సు వెళ్ళిపోయింది. వస్తున్నానని చెప్పాల్సినవాణ్ణి, రానా అని అడగడం నా బుద్ధి తక్కువ.

పాపిష్టిదాన్ని అన్నావు. ఇంకెప్పుడూ అనకు. యుద్ధం ఆగాక మా వాచ్‌మన్ ఇద్రీస్ భార్యాపిల్లలు ఊరి నుంచి తిరిగొచ్చారు. తలుపు ఊడిపోయిన ఇంట్లోనే పొయ్యి వెలిగించి, నన్ను పిలిచి రొట్టె పెట్టారు. "ఇదింకో రెండేళ్ళు సాగుంటే ఈ వీధిలో మనిషనేవాడు మిగిలేవాడు కాదు" అన్నాడు ఇద్రీస్. వాళ్ళ చంటిది నా ఒళ్ళోనే నిద్రపోయింది. కాబట్టి నువ్వు కూడికలో చెప్పిన సాక్ష్యం అబద్ధమేం కాదు. ఆగడమే మంచిది. అయినా ఇందిరా, నన్ను ఇంటికి పంపడానికి ఒక యుద్ధం కావాలా? నువ్వు పిలిస్తే చాలదూ?

నీ ఉత్తరం చదివిన రోజే మానేస్తానని చెప్పేశాను. కొత్తగా వచ్చినతనికి పని అప్పగించేదాకా ఆగాను. ఫోనులో చెబితే హాల్లో మళ్ళీ సభ పెడతారని చెప్పలేదు. యుద్ధం ఆగబట్టే విమానాలు మళ్ళీ తిరుగుతున్నాయి, దర్జాగా ఖార్టూంలో ఎక్కి వచ్చాను. కామరాజుతో మాట్లాడేశాను కూడా.

ఇప్పుడే కొత్తపేట దాటాం. ఇంటికి రాగానే ఈ కాయితం అమ్మ చేతికిచ్చి, అరవద్దని సైగ చేసి, లోపలికి పంపిస్తాను. కళ్ళజోడు లేకుండా ఆవిడ చదవలేదు, నీకేం భయం లేదు. నేను వీధి అరుగు మీద కూర్చుంటాను. సంచీ భుజానే ఉంటుంది. ఈసారి మళ్ళీ "మీ ఇష్టమండీ" అన్నావంటే ఆ అరుగు మీద నుంచి కదలను.

అమ్మ విన్నా ఫరవాలేదు, వీధి వాళ్ళు విన్నా ఫరవాలేదు. లోపలికి రమ్మని గట్టిగా పిలు.

నీ గుమ్మం ముందున్న
ప్రవీణ్ కుమార్