దిగ్నా పిన్నికి వానకోవెల

అక్టోబర్ 7, మంగళవారం

వాన. ఏడాదంతా కురిసే మా కిబ్దో ఊళ్ళో వాన అని రాసుకోవడం కూడా దండగే.

ఎయిర్‌పోర్టులో నా కౌంటర్ దగ్గర ఇవాళ ముగ్గురు విమానం ఎక్కాలంటే వణికారు. ఒకాయన బోర్డింగ్ పాస్ తీసుకుని, బయట ఆకాశం చూసి, తిరిగొచ్చి దాన్ని నా ముందు పెట్టేశాడు. ఈ వానలో ఎగురుతుందా అది, నిజం చెప్పమ్మాయ్ అన్నాడు. నా పాఠం మొదలుపెట్టాను. వాన విమానాన్ని ఏమీ చేయదు బాబాయ్, ఇంజన్లో బిందెలకొద్దీ నీళ్ళు కుమ్మరించి, అయినా ఆగలేదని చూశాకే దాన్ని గాల్లోకి వదులుతారు. మెరుపు తగిలినా పైరేకు మీదుగా జారిపోతుంది, నీ దాకా రాదు. కుదుపంటావా, నదిలో మోటారు పడవ అలల మీద ఎగరదూ, అదే. కొండల మీద మబ్బు దిగితే కెప్టెన్ వెనక్కి తిప్పేస్తాడు. తిప్పాడంటే భయపడమని కాదు, తెలివిగా ఉన్నాడని అర్థం. ఆయన ఎక్కాడు. దాదాపు అందరూ ఎక్కుతారు. ఈ పాఠంలో ఒక్క అబద్ధం లేదు. అదే నా గొప్ప.

ఇంటికొచ్చేసరికి మా వీధి దిగ్నా పిన్ని, పిలుపుకే పిన్ని, మా వంటింట్లో కూర్చుని ఆయాసపడుతోంది. కొండలకవతల మెడెలిన్ నగరంలో ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేశారట. గుండె వాల్వ్ మారుస్తారు. పదహారో తేదీకి అక్కడ చేరాలి. చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు, మళ్ళీ ఎప్పుడో దేవుడికి తెలియాలి. ఇక్కడి డాక్టర్ మాత్రం ఇంకో వరుస దాకా ఆగలేవమ్మా అని మొహం మీదే చెప్పాడట.

నేను వెంటనే టికెట్ రాయించేస్తానన్నాను. ఒసేయ్, నేను విమానం ఎక్కడమేమిటే, బస్సులో పోతా అంది.

అక్టోబర్ 9, గురువారం

మెడెలిన్ దారిలో కొండచరియ విరిగిపడింది. రోడ్డు మూశారు. డాక్టరైతే అసలు బస్సే వద్దన్నాడు, అన్నేసి గంటల ఊపుడు ఆ గుండె తట్టుకోదు, విమానంలో అయితే పంపించండి అన్నాడు.

పిన్ని ససేమిరా అంటోంది. నా బొడ్డున తాబేలు ఉందే, తాబేలు నేల విడిస్తే బతుకుతుందా అంటుంది.

మా నది వెంట పుట్టిన పిల్లలకి బొడ్డు ఊడగానే మంత్రసాని ఏదో ఒక జీవిదో మొక్కదో పొడి చేసి అక్కడ రాస్తుంది. ఏది రాస్తే దాని బలం జన్మంతా ఉంటుంది. నాకు చీమ పెట్టారు, అందుకే ఒకచోట కుదురుగా కూర్చోనని తిడతారు. మా అమ్మకి నీటిపిల్లి. పిన్నికి మాత్రం ఏం పెట్టారో ఎవరికీ తెలియదు. పుట్టగానే వాళ్ళమ్మ పోయింది. పెట్టిన మంత్రసాని మా అమ్మమ్మ. ఎవరడిగినా పెట్టాను, ఏం పెట్టానో చెప్పకూడదు అనేదట. పిన్ని నడక మెల్లగా ఉంటుందని, మేడ మెట్లెక్కినా కళ్ళు తిరుగుతాయని, తాబేలే అయ్యుంటుందని వీధంతా తేల్చేశారు. ఆమె కూడా నమ్మింది.

అమ్మ గనుల దగ్గర పనికి పోయిన ఏళ్ళలో నన్ను పెంచింది ఈ తాబేలే.

అక్టోబర్ 11, శనివారం

పాఠం మొత్తం చెప్పాను. ఇంజన్, మెరుపు, పడవ, కెప్టెన్. కాగితం మీద బొమ్మ కూడా గీశాను. శ్రద్ధగా వింది. అంతా విని, చాలా బాగా చెప్పావు పిల్లా, ఇవన్నీ ఇంజనుకి చెప్పు, నా బొడ్డుకి కాదు అంది.

అమ్మ పకపకా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. చావడానికైనా సిద్ధం కానీ ఎక్కవన్నమాట అని అరిచాను. పిన్ని గిన్నెలో మిగిలిన జున్నన్నం నా పళ్ళెంలో వడ్డించింది.

అక్టోబర్ 13, సోమవారం

రోడ్డు తెరిచారు. మధ్యాహ్నానికి మళ్ళీ చరియ విరిగింది.

అక్టోబర్ 14, మంగళవారం

నేను చేసిన పని రాస్తాను. రాస్తే తగ్గుతుందేమో.

పిన్ని ఎయిర్‌పోర్టుకే వచ్చింది. నేను రేపటికి రాయించిన టికెట్ రద్దు చేయించుకోవడానికి. నాలుగడుగులకోసారి ఆగుతూ, గోడ పట్టుకుంటూ వచ్చింది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఇంకెవరైనా వాడుకుంటారు కదే సీటు అంది.

మా కౌంటర్ పైన దూలానికి వానకోవెల పిట్టలు గూడు కట్టుకున్నాయి. రోజూ వాటి రెట్ట తుడవలేక చస్తాను. అప్పుడే ఒకటి వానలోంచి రివ్వున లోపలికొచ్చింది. ఒక ఈక నా కంప్యూటర్ మీద రాలింది. నోరు జారిందని రాసుకుందామనుకున్నాను. జారలేదు. నేనే తోశాను.

పిన్నీ, నీకు పెట్టింది తాబేలు కాదు, వానకోవెల అన్నాను. ఈక కాల్చి, ఆ బూడిద రాసిందట, అమ్మమ్మే చెప్పింది నాతో. వానలో ఎగిరే పిట్ట పిన్నీ, నీకు వానలో ఏమీ కాదు.

మీ అమ్మమ్మే చెప్పిందా అంది. అవునన్నాను. ఎప్పుడే అంది. పోయే ముందు అన్నాను. నా మొహంలోకి చూసింది. అంతసేపు నన్నెవరూ అలా చూడలేదు. తర్వాత టికెట్ మడిచి రవికలో పెట్టుకుంది. అలాగైతే ఎక్కాలి మరి అంది.

ఆమె వెళ్ళాక ఆ ఈక తీసి యూనిఫాం జేబులో వేసుకున్నాను. ఎందుకో తెలియదు. బొడ్డుమందు గురించి అబద్ధమాడితే ఆ మనిషికున్న అసలు బలం కూడా పోతుందని అమ్మమ్మ అనేది. ఆవిడ పేరు చెప్పుకునే ఆడాను.

అక్టోబర్ 15, బుధవారం, ఉదయం

ఎక్కింది. నిటారుగా నడిచి ఎక్కింది. తలకి కొత్త గుడ్డ కట్టుకుంది. మెట్ల మీద నుంచి నాకు చెయ్యి ఊపింది.

మధ్యాహ్నం

తిరిగొచ్చేశారు. మెడెలిన్ కొండల మీద మబ్బు కిందకి దిగిపోయింది. రెండు చుట్లు తిరిగి కెప్టెన్ ఒస్పినా వెనక్కి తిప్పాడు. పాఠంలో చెప్పినట్టే. అయినా మెట్ల దాకా పరిగెత్తాను.

దిగినవాళ్ళలో ఒకామె శోకాలు పెడుతోంది. ఒకాయన ఇంకెప్పుడూ ఎక్కనని సూట్‌కేస్ తన్నాడు. పిన్ని ఆ ఏడ్చేదాని వీపు నిమురుతూ దిగింది. నీ పిట్ట బాగానే ఎగిరిందే పిల్లా, వాలడానికే చోటు దొరకలేదు అంది. చేతిలో రుమాలు పిండితే నీళ్ళు కారేలా ఉంది. వానలో నడిచొచ్చింది కదా అనుకున్నాను.

రేపు మళ్ళీ. అదే ఆఖరు రోజు.

సాయంత్రం

అమ్మకి చెప్పాను. ఊరికే మోయలేక చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తోముతున్న గిన్నె పక్కన పెట్టేసి కూర్చుంది.

మీ అమ్మమ్మ దిగ్నాకి ఏమీ పెట్టలేదే, యాదిరా, అంది నన్ను పేరుతో పిలిచి.

పురిట్లో తల్లి పోతే, పాల కోసం పిల్లని పై ఊళ్ళో ఒక బాలింత దగ్గరికి ఎత్తుకెళ్ళారట. బొడ్డు ఊడే వేళకి అమ్మమ్మ వెళ్ళాలి. వానలు ముంచెత్తి అత్రాతో నది పొంగింది. పడవ కదల్లేదు. నది తగ్గి అమ్మమ్మ వెళ్ళేసరికి బొడ్డు మానిపోయింది. మానాక పెట్టి లాభం లేదు. తల్లి లేని పిల్లకి ఇది కూడా లేకుండా పోయిందని చెప్పడానికి అమ్మమ్మకి నోరు రాలేదు. పెట్టేశాను అంది. ఆ మాట మీదే బతికింది, అమ్మ దగ్గర తప్ప ఎక్కడా బయటపడలేదు.

అంటే పిన్ని బొడ్డున తాబేలు లేదు, వానకోవెల లేదు, ఏమీ లేదు. నది వెంట మా అందరిలోకీ ఏ తోడూ లేని మనిషి ఆమె ఒక్కతే. ఆమెని పట్టుకుని నీకు రెక్కలున్నాయని చెప్పి కొండల మీదికి పంపాను. అమ్మమ్మ అబద్ధం మీద నా అబద్ధం. సిగ్గేస్తోంది.

అక్టోబర్ 16, గురువారం

పొద్దున చెప్పేద్దామనుకున్నాను. ఒట్టు. క్యూలో ఆమె వంతు వచ్చేదాకా మాట నాలుక చివరే ఉంది.

చెబితే వెనక్కి వెళ్ళిపోతుంది. వెనక్కి వెళితే క్రిస్మస్ చూడదు. చెప్పకపోతే, గుండె ఆగిపోయేంత జబ్బున్న మనిషిని మోసం చేసి వానలోకి పంపినదాన్నవుతాను. విమానానికి ఏమీ కాదని నాకు తెలుసు. ఆ వాన గురించి నాకు భయం లేదు. నేను తీసుకున్నది ఆమె భయం కదా, అది ఆమె సొంతం కదా, దాన్ని అబద్ధమనే దొంగసొమ్ముతో కొనేశాను.

బ్యాగ్ కాటా మీద పెట్టాను. సీటు ఇచ్చాను. కిటికీ వద్దులే అంది. పిట్టకి కిటికీ వద్దా అని వెనకాయన హాస్యమాడాడు. ఆయనకీ చెప్పిందన్నమాట. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బోర్డింగ్ పిలిచింది నేనే. మైకులో నా గొంతు నాకే పరాయిగా వినిపించింది.

పిన్ని దిగిందని మెడెలిన్‌లో ఉండే ఆమె మేనకోడలు ఫోన్ చేసింది. తిన్నగా ఆసుపత్రికి తీసుకెళ్ళిందట.

అక్టోబర్ 17, శుక్రవారం

ఆపరేషన్ జరుగుతోంది. ఇవాళా వానే. ఇవాళా పాఠం చెప్పాను. ఎవరి మొహంలోకీ చూడకుండా చెప్పాను.

అక్టోబర్ 18, శనివారం

కళ్ళు తెరిచిందట. అమ్మ బోరున ఏడ్చింది. నాకు ఏడ్చే అర్హత లేదనిపించింది.

అక్టోబర్ 22, బుధవారం

మార్కెట్లో పిన్ని పళ్ళరసం బండి పక్కన కూర్చునేవాళ్ళంతా నన్ను చుట్టుముట్టారు. దిగ్నాది వానకోవెలటగా, మీ అమ్మమ్మ నాకేం పెట్టిందో కూడా చెప్పింది కదూ, చెప్పవే అని. ఒకామె నడుం నొప్పికి కారణం అదేనేమో తెలుసుకోవాలట. గుర్తులేదని తప్పించుకుని పరిగెత్తాను. చేపలు కొనకుండానే ఇంటికొచ్చాను.

అక్టోబర్ 27, సోమవారం

పిన్నిని తీసుకురావడానికి సెలవు పెట్టి నేనే మెడెలిన్ వచ్చాను. ఎవరికీ చెప్పని సంగతి ఇక్కడ రాస్తాను. ఇంతకుముందు నేను విమానం ఎక్కింది రెండుసార్లు, రెండుసార్లూ ఎండలో. వానలో ఇదే మొదటిసారి.

మబ్బులోకి దూరగానే విమానం ఊగింది. నా పాఠం నాకే అప్పజెప్పుకున్నాను. ఇంజన్, మెరుపు, పడవ. ప్రతి మాటా నిజమే. అయినా ముందు సీటుని రెండు చేతులా పట్టుకుని వదల్లేదు. ఇన్నాళ్ళూ ఎంత తేలిగ్గా చెప్పేశానో! నా పక్కనున్న పిల్లాడు బిస్కెట్ తింటూ నన్ను జాలిగా చూశాడు.

పిన్ని బాగా చిక్కిపోయింది. పెదాలు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

అక్టోబర్ 28, మంగళవారం

చెప్పేశాను. ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, అమ్మమ్మ నాతో ఏమీ చెప్పలేదు పిన్నీ, వానకోవెల నేను కల్పించిందే, ఆ రోజు రాలిన ఈక ఇంకా నా దగ్గరే ఉంది, నన్ను తిట్టు, కొట్టు అన్నాను.

తెలుసే అంది.

ఏం తెలుసన్నాను. నాకేమీ పెట్టలేదని తెలుసు అంది. మీ అమ్మమ్మ పోయే ముందు నన్ను పిలిపించుకుంది. నది పొంగిందమ్మా, రాలేకపోయానమ్మా అని నా చేతులు పట్టుకుంది. అంత ముసలావిడ, చంటిపిల్లలా ఏడ్చింది. కళ్ళు మూసేదాకా ఆ వాననే తిట్టుకుంది. ఆవిడ పరువెందుకు తీయాలని నేనే తాబేలు తాబేలంటూ తిరిగా. నువ్వు ఆ కౌంటర్ దగ్గర నిలబడి వానకోవెల అన్నప్పుడు చూశా నీ మొహం. అచ్చం అదే మొహం. నేను ఎక్కక, ఇక్కడే పోయాననుకో, ఈ పిల్ల కూడా ముసలిదయ్యేదాకా ఇలాగే ఏడుస్తుంది అనుకున్నా. అందుకే ఎక్కా.

మరి భయం అన్నాను.

పోయిందనుకున్నావా, వెర్రిమొహమా అంది. వెళ్ళినప్పుడూ తిరిగొచ్చినప్పుడూ మళ్ళీ వెళ్ళినప్పుడూ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకునే కూర్చున్నా. రుమాలు పిండుకుంటూ కూర్చున్నా. ఆ ఏడ్చేదాని వీపు ఎందుకు నిమిరాననుకున్నావ్, నా చేతులు వణక్కుండా ఉండాలని.

నేను ఆమెకి ధైర్యం చెప్పాననుకున్నాను. మూడుసార్లు నా కోసం భయపడింది. ఇది ఆ అబద్ధం కన్నా బరువుగా ఉంది. ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. కుట్లున్నాయే, మెల్లగా అంది.

తర్వాత మాత్రం, ఇంకోసారి ఎక్కడం నా వల్ల కాదు పిల్లా, నన్నిక్కడే ఉంచెయ్ అంది. హాస్యానికి అనలేదు.

అక్టోబర్ 30, గురువారం

పొద్దున్నే లేచి, ఆ ఈక తెచ్చావా అని అడిగింది. యూనిఫాం జేబులోంచి నా సంచిలోకి మారిందంతే. ఎవరూ తీయలేదు, నేనూ పారేయలేదు.

మేనకోడలి వంటింట్లో, సాసరులో కాల్చాను. చిటికెడు బూడిద అయింది. పిన్ని పడుకుని చొక్కా ఎత్తింది. కొత్త మచ్చ కింద అరవై ఏళ్ళ బొడ్డు. వేలితో రాశాను. అమ్మమ్మ ఏ మంత్రం చదివేదో నాకు తెలియదు. వానకి ఆలస్యమైంది, క్షమించు అన్నాను. నువ్వే అంటున్నావో, మీ అమ్మమ్మ అంటోందో అంది.

తిరుగు విమానంలో రాస్తున్నాను. జోరువాన. గట్టిగా ఊగుతోంది. పిన్ని నోరు తెరుచుకుని నిద్రపోతోంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను, భయమేసి.