మా అమ్మతో మాట్లాడేందుకు నా మీద కేసు పెట్టించుకొనుట గురించి

ఆర్మూర్ రెవెన్యూ డివిజనల్ అధికారి గారి సముఖమునకు, రాళ్లకుంట గ్రామాభివృద్ధి కమిటీ చైర్మన్ ముత్తెన్న వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: గౌరవ శాసనసభ్యుల వారు మా ఊళ్లో పన్నులు, జూదం, అవినీతి, పౌరహక్కులపై వెలిబుచ్చిన అభిప్రాయాలలో నాలుగవదానిని నా మీద వెంటనే అమలు చేయుట గురించి.

మనవి ఏమనగా, పసుపు తవ్వకాలు మొదలైన రోజుల్లో శాసనసభ్యుల వారు మా ఊరికి వచ్చి మీటింగు పెట్టి, మైకులో నాలుగు ముక్కలు సెలవిచ్చారు. వాటికి కమిటీ తరఫున సమాధానం చెప్పుకొని, చివర నా సొంత మొర ఒకటి విన్నవించుకుంటాను. మొదటి మూడింటిలో నాకు తమ సహాయం అక్కరలేదు.

1. పన్నుల గురించి. "పన్ను ఏసే హక్కు సర్కారుకే ఉన్నది. ఊరి కమిటీ వసూలు చేసేది పన్ను గాదు, దోపిడి" అన్నారు. మేము కల్లు, కోడిమాంసం, కిరాణం ఒక్కొక్కదానికీ ఏటా వేలం పాట పెడతాం. పాడినవాడే ఊళ్లో అమ్మాలి, ఇంకొకరి దగ్గర కొంటే కమిటీకి దండుగ కట్టాలి. వారు నిలబడ్డ స్టేజీ, వారి మీద చల్లిన పూలు, వారు తిన్న మటన్ ఆ సొమ్ములోనివే. తిన్నాక చేతులు కడుక్కుంటూ నా భుజం తట్టి, "మీటింగుల గట్లనే అంటం ముత్తెన్నా, ఏం పట్టించుకోకు. ఓట్లు మాత్రం ఊరు ఊరంతా ఒక్క దిక్కే వడాలె" అన్నారు. కాబట్టి ఈ అంశం అక్కడితో ముగిసింది.

2. జూదం గురించి. "పత్తాలాడేటోడు పెండ్లాం మెడల పుస్తెలు గూడ ఉండనియ్యడు" అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. పత్తాలాట నడిపే హక్కును కూడా మేము వేలం వేస్తాం, ఈసారి పాడింది మా వైస్ చైర్మన్ భూపతి. ఆటకు ఎవరినీ బొట్టు పెట్టి పిలవలేదు. లింబాద్రి అనేవాడు తనంతట తానే వచ్చి, ఎండబెట్టి దాచిన నిరుటి పసుపు సంచులన్నీ పోగొట్టుకున్నాడు. అతని భార్య భాగ్యవ్వ బీడీలు చేసుకునే మనిషి. ఆమె ఆ మీటింగులోనే లేచి, "మరి సారూ, మా ఊళ్లె పత్తాలాట పాడినోడు మీ పక్క కుర్సీలనే కూసున్నడు గదా!" అన్నది. శాసనసభ్యులు ఆమెకు శాలువా కప్పి, "గిసొంటి ఆడబిడ్డలు ఊరికొక్కరుండాలె" అని ఫోటో దిగారు.

కారు లేపిన దుమ్ము అణగక ముందే మేము భాగ్యవ్వ ఇంటిని వెలివేశాం. పాలు పోయరాదు, సరుకు ఇవ్వరాదు, పసుపు ఉడికించే బాయిలర్ ఆమె చేనుకు పోరాదు, ఎవరూ ఆమెతో మాట్లాడరాదు. మాట్లాడినవారికి కూడా అదే శిక్ష. ఆ తరువాత ఆమె తవ్విన పసుపు ఉడకబెట్టే దిక్కులేక కుప్పలోనే బూజు పట్టింది. ఉన్నమాట చెప్పాలంటే, చూడటానికి మాకు బాగానే ఉండింది.

3. అవినీతి గురించి. "ఎవడన్న జులుం జేస్తె నాకు ఫోన్ గొట్టుర్రి" అన్నారు. భాగ్యవ్వ కొట్టింది. ఫోను ఎత్తిన వారి పీఏ హరీశ్ ఆమె మొరంతా శ్రద్ధగా రాసుకొని, తగు చర్య నిమిత్తం నాకే వాట్సాప్‌లో పంపాడు. నేను తగు చర్య తీసుకున్నాను, వెలి తీయాలంటే ఆమె కట్టవలసిన దండుగ రెండింతలు చేశాను. ఇందులో ఎవరూ లంచం తీసుకోలేదు గనుక దీన్ని అవినీతి అనరాదని మనవి.

4. పౌరహక్కుల గురించి. "మనిషితోని మనిషి మాట్లాడొద్దనే హక్కు ఎవ్వనికీ లేదు. గట్ల అన్నోన్ని జైల్ల ఏపిస్త" అన్నారు. అప్పుడు నేను నవ్వుకున్నాను. ఇప్పుడు ఆ ఒక్క మాట నిజం కావాలని తమ కాళ్లు పట్టుకుంటున్నాను.

మా అమ్మ పేరు పోచవ్వ. ఆమె, భాగ్యవ్వ ఒకే అరుగు మీద కూర్చుని బీడీలు చేసేవారు. వెలి వేశాక ఒకనాడు భాగ్యవ్వ మా ఇంటి ముందు నుంచి పోతుంటే అమ్మ, "ఏం బిడ్డా, తిన్నవా?" అన్నది. అంతే. భూపతి విన్నాడు. కమిటీ పిలిపించి, దండుగ కట్టి చెంపలేసుకుంటే వదిలేస్తామన్నది. అమ్మ కొంగు నడుముకు చుట్టి, "తిన్నవా అని అడుగుడు గూడ తప్పేనార? గట్ల అడుగుకుంటనే గద నిన్ను సాదిన" అన్నది. అందరూ నా మొహం చూశారు. చైర్మన్ తల్లికి ఒక న్యాయం, ఊరికి ఒక న్యాయమా అని వెనక నుంచి ఎవడో గొణిగాడు. నేను లేచి, అమ్మను కూడా వెలివేస్తున్నట్టు నా నోటితోనే ప్రకటించాను. చప్పట్లు కొట్టి నాకు దండ వేశారు. నా జన్మలో అంత గౌరవం ఎన్నడూ దొరకలేదు, అయ్యా.

అప్పటి నుంచి ఒకే కప్పు కింద ఉండి అమ్మతో మాట్లాడటం లేదు. నా భార్య శైలజ నోరు మెదపకుండా అన్నం గిన్నె గడప మీద పెట్టి వస్తుంది. అమ్మ మొదట్లో తిట్టేది, తరువాత బతిమాలేది, ఈమధ్య గోడతో మాట్లాడుకుంటోంది. మొన్న స్నానానికి పోయి జారిపడితే తుంటి విరిగింది. అమ్మ అరుపులు వాడకట్టంతా విన్నది, ఒక్క తలుపు తెరుచుకోలేదు. మా కట్టుబాటు అంత గట్టిది. దాన్ని అంత గట్టిగా బిగించింది నేనే. ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు గంగాకిషన్ రానన్నాడు. "పెర్కిట్ నుంచన్న ఆటో పిలువరాదుండ్రి, మీ తల్లి గాదా?" అని శైలజ ఏడ్చింది. పిలిస్తే నన్నూ వెలివేస్తారు. నా పసుపు తవ్వి కుప్ప పోసి ఉన్నది, బాయిలర్ వంతు ఇంకా రాలేదు. భాగ్యవ్వ కుప్ప ఏమైందో కళ్లారా చూసినవాణ్ణి.

కావున తాము దయతలచి తహసీల్దారు గారిని, పోలీసులను జీపులో పంపి, నడి ఊళ్లో పదిమంది చూస్తుండగా, తల్లితో మాట్లాడకుంటే జైలుకే అని నన్ను బెదిరింపజేయవలెనని ప్రార్థన. నేను కాసేపు ఎదురు తిరిగినట్టు నటిస్తాను, తప్పు పట్టరాదు. కానిస్టేబుల్ ఎవరైనా నా కాలరు పట్టుకుంటే మరీ మంచిది. సర్కారు జబర్దస్తీ చేసిందని కమిటీకి చెప్పుకొని, అమ్మను ఆర్మూర్ దవాఖానాకు తీసుకుపోతాను. భాగ్యవ్వ కోసం ఈ అర్జీలో ఏమీ అడగడం లేదు. ఆమె వెలిని అలాగే ఉండనివ్వగలరు.

ఆలస్యం విషమని ఎరిగి చిత్తగించవలెను.

కమిటీ తరువాత తమకే విధేయుడు,
ముత్తెన్న

మళ్లీ వ్రాయునది: పై సంతకం చేస్తుండగా లోపలి గదిలో నుంచి అమ్మ, "ముత్తెన్నా, జర నీళ్లియ్యి రా" అన్నది. బాయిలర్ వంతు మాట్లాడదామని వచ్చిన భూపతి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. శైలజ చేనుకు పోయింది. నేను లేవలేదు. అమ్మ మళ్లీ పిలిచింది. నన్ను చిన్నప్పుడు పిలిచిన పేరుతో కూడా పిలిచింది. భూపతి నన్నే చూస్తున్నాడు. శైలజ వచ్చేసరికి అమ్మ ప్రాణం పోయింది.

కమిటీ వెంటనే కూర్చుంది. చనిపోయిన మనిషి ఎవరితోనూ మాట్లాడదు గనుక నిషేధం దానంతట అదే తొలగినట్టు ఏకగ్రీవంగా తీర్మానించింది. భూపతి వచ్చి, "ఇగ ఏడ్వొచ్చే అన్నా, ఏం ఫికర్ లేదు" అని చెప్పాడు. ఊరంతా వచ్చింది. డప్పులు వచ్చాయి. శాసనసభ్యుల వారు పూలదండ పంపారు. భాగ్యవ్వను మాత్రం గేటు దగ్గరే ఆపేశారు. నేను చూస్తూ ఊరుకున్నాను.

అయ్యా, ముందు అడిగింది నాటకం కోసం. జీపు మాత్రం పంపండి. కేసు నిజంగానే పెట్టండి, నేను ఎదురు తిరగను. సాక్షి కావలసి వస్తే భూపతిని పిలవండి. అమ్మ పిలుపు అతనికీ వినబడింది.