తవుడుకు కొన్న చెల్లి

గౌరీ,

నువ్వు పోయాక పుట్టిన నీ చెల్లి నిలవాలని, మీ మామ్మ దాన్ని పొరుగింటావిడ చేతికి ఇచ్చేసి, చేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుంది. అందుకే తవిటమ్మ అని పేరు.

నీకు వచ్చినట్టు ఊపిరితిత్తిలో, కిడ్నీలో ఒకేసారి గడ్డలు రావడం చాలా అరుదనీ, తోబుట్టువులకూ రావచ్చనీ నీ డాక్టరు చెప్పారు. ఆ మాట మీదే చెల్లికి నెలల పిల్లప్పుడే స్కాన్ తీయించాం. ఊపిరితిత్తిలో చిన్న గడ్డ కనిపిస్తే తీసేశారు. ఇవాళ మళ్లీ విశాఖలో చూపించాం. ఏమీ లేదన్నారు.

చీపురుపల్లి వచ్చే రైల్లో మామ్మ, "నా తవుడే కాసినాది," అంది.

చెల్లి గౌను పైకెత్తి, ఛాతీ పక్కన కుట్ల మచ్చ చూపించింది. "కాదు మామ్మా, అక్క డాట్రుకి సెప్పినాది!"

నీకప్పటికి ఇంకా మాటలే రాలేదని నేను దానికి చెప్పలేదు.