పేరు లేని దయ్యం

వరంగల్,
శ్రావణ మాసం, 1987

నా ఇంటిదైన మొగిలమ్మకు,

నేను బాగానే ఉన్నాను. బాగా లేనని ఎవరైనా చెబితే నమ్మకు. నువ్వు చెప్పాపెట్టకుండా పాలకుర్తి బస్సెక్కి మీ తమ్ముడింటికి పోవడం మాత్రం నాకు నచ్చలేదు.

ఎందుకు పోయావో నాకు తెలుసు. అంతా ఆ టీవీ వల్లనే. నేత సంఘం ఆఫీసులో గురువారం గురువారం వచ్చే ఆ గడీ దయ్యం సీరియల్. అందులో దొరకు పట్టుబట్టలు. దొరసాని ఏడ్చినా అందంగానే ఏడుస్తుంది. దయ్యానికి మాత్రం ముఖం నిండా పసుపు, విరబోసిన జుట్టు, కాళ్లకు గజ్జెలు, చేతిలో వేపమండ. అది దయ్యం వేషమా? బోనాలప్పుడు పోశమ్మ ఒంటిమీదికొచ్చి నువ్వు శిగమూగేటప్పటి వేషం! మన దేవతను తీసుకుపోయి వాళ్ల గడీలో దయ్యాన్ని చేశారు. ఇప్పుడు నిన్ను చూస్తే వాడ పిల్లలు తలుపుల చాటుకు పోతున్నారు. వాడ పెద్దమనిషి వెంకటేశ్వర్లు ఆ టీవీ ముందరే, నువ్వు వింటుండగానే, "ఈ యేడు శిగం వద్దు రాజలింగన్నా, పోరగాండ్లు జడుసుకుంటాండ్రు" అన్నాడు. సీరియల్ నడుస్తుండగానే లేచి టీవీ వైరు గుంజిపారేశాను. "ఇగ మా ఆడది మీ వాడల శిగమూగది, పోండ్రి!" అని అందరి ముందర ఒట్టు పెట్టాను.

నీ పరువు నిలబెట్టాను. వచ్చెయ్యి.

ఇంటి యజమాని
రాజలింగు

*

వరంగల్

మొగిలమ్మకు,

మీ తమ్ముడు కట్టయ్య వచ్చాడు. మంచినీళ్లయినా తాగకముందే నీ మాటలు అప్పజెప్పాడు. "బావా, అక్క అలిగింది వాడ మీద కాదు, నీ మీద. పోరగాండ్లు ఇయ్యాల జడుసుకుంటరు, రేపు ఉరికొస్తరు. పోశమ్మ వచ్చేది అక్క మీదికా, నీ మీదికా? ఒట్టు పెట్టెటందుకు నువ్వెవ్వడివో అడిగి రమ్మన్నది."

పైగా నవ్వుతాడు. అక్కడ పంచాయతీ ఆఫీసులో నువ్వు ఆ సీరియలే చూస్తున్నావట. "ఆ దయ్యం బతికున్నప్పుడు కూలిమనిషేనట బావా, దొర బావిల నూకిచ్చిండట. దొర కుక్కకు సుత పేరున్నది, దానికి లేదు. ఎవ్వలన్న దాని పేరడుగుతరేమోనని చూస్తాన్నంటది అక్క."

నేను వైరు గుంజిన రోజు ఆ మనిషి టీవీలో ఏదో చెప్పబోతోంది. చెప్పనియ్యంది నేనే.

ఈ గురువారం సంఘానికి పోయాను. "మళ్ల గుంజుతవా తాతా?" అని వాడ పిల్ల సమ్మమ్మ ఎగతాళి చేసింది. "నోరు మూసుకొని చూడు" అని చాప మీద కూర్చున్నాను. ఎవరూ పేరు అడగలేదు. గజ్జెల చప్పుడు రాగానే ఆడోళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నాకు మాత్రం నువ్వు వాకిట్లోకి వచ్చినట్టనిపించి లేవబోయాను. సిగ్గేసి మళ్లీ కూర్చున్నాను.

నిన్న వెంకటేశ్వర్లు ఇంటికి వచ్చాడు. నువ్వు లేకుంటే బోనం ఎత్తబోమని ఆడోళ్లంతా మొండికేశారట. "తప్పయింది అన్నా, మొగిలక్కను పిలిపియ్యే" అన్నాడు.

"నన్నడుగుడేంది? నీకు కాళ్లు లేవా? పోయి ఆమెనే అడుగు" అన్నాను.

ఈ ఉత్తరం అతని చేతికే ఇచ్చి బస్సెక్కిస్తున్నాను. చెల్లె సుగుణా, మీ ఆడబిడ్డకు చదివి వినిపించేది నువ్వే కాబట్టి నీకే చెబుతున్నా, ఈ ముక్క వెంకటేశ్వర్లుకు వినపడేలా గట్టిగా చదువు. మొగిలమ్మ ఊగుతానంటే ఊగుతుంది, ఊగనంటే ఊగదు. రాజలింగు పెట్టిన ఒట్టు చెల్లదు.

ఈ కిందిది అతను బయటికి పోయాక చదువు, మెల్లగా.

మొగిలీ, శిగమూగినా ఊగకపోయినా ఇంటికి రా. రానంటే ఆ మాటే చెప్పి పంపు. మగ్గం ఆపి నేనే వస్తాను. మీ తమ్ముడి అరుగు మీద కూర్చుంటాను. నువ్వు పిలిచినప్పుడే లోపలికి వస్తాను.

నీ
రాజలింగు