కరుణ చర్చిలో చదివిన పాఠం

నాన్నా,

ఎలా ఉన్నావు అని రాయబోయి ఆగాను. అలవాటు పోలేదు. నువ్వు వెళ్లిపోయి రెండేళ్లు కావస్తోంది. అమ్మ బాగానే ఉంది, మోకాళ్లు తప్ప. నీ కళ్లజోడు ఇంకా బైబిలు మీదే పెడుతుంది. ఎవరైనా తీస్తే ఒప్పుకోదు.

అసలు సంగతి వదిలేసి అమ్మ మోకాళ్ల దగ్గర మొదలుపెట్టానంటే నీకు అనుమానం వచ్చే ఉంటుంది. నిజమే... సిగ్గుగా ఉంది నాన్నా. ఈ ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక నీకు రాస్తున్నాను.

నువ్వు పాఠాలు చెప్పిన రోజులు కావివి. పుస్తకాలు లావయ్యాయి, పాఠాలు గట్టివయ్యాయి. మంచిదే అనుకున్నాను. మన పల్లె పిల్లలకి మాత్రం పెద్ద చదువు ఎందుకు రాకూడదు? కానీ పిల్లలు ఆ పిల్లలే కదా. మిరపకాయ కోతలు మొదలైతే సగం క్లాసు తల్లుల వెంట చేలల్లోనే ఉంటుంది. తిరిగొచ్చేసరికి పాఠం ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది. ఈలోపు రాష్ట్రం పరీక్ష వచ్చేస్తుంది. బయటి నుంచి ఒకరొచ్చి ఒక్కో పిల్లని పిలిచి చదివిస్తారు, ఫోన్‌లో నొక్కుతారు. చదివితే పచ్చ, తడబడితే పసుపు, రాకపోతే ఎరుపు.

పోయినేడు మా ఐదో తరగతి నిండా ఎరుపే. గురజాలలో టీచర్ల మీటింగులో నన్ను లేపి నిలబెట్టారు. నాకంటే చిన్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు. ఆ రోజు బస్సులో ఏడ్చానని నీకు ఇప్పుడు చెబుతున్నాను.

అందుకని ఈ ఏడు... పక్క ఊరి టీచర్ ఫోన్ చేసి, వాన పాఠం అడుగుతున్నారని చెప్పింది. అంతే, వారమంతా అదే పాఠం. చదివించలేదు నాన్నా, బట్టీ పట్టించాను. సండే స్కూల్లో కంఠత వాక్యాలు చెప్పించినట్టు, నేనొక ముక్క, వాళ్లొక ముక్క. ఏ మాట దగ్గర వేలు జరపాలో కూడా నేర్పాను.

అందరికన్నా బాగా పట్టేసింది కరుణ. మిర్చి బస్తాలు మోసే యాకోబు కూతురు. సమాధి దాకా నీ పెట్టె మోసినవాళ్లలో యాకోబు కూడా ఉన్నాడు.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు నువ్వు అన్నావు, "నోరు చూడమాకే అమ్మడూ, కళ్లు చూడు. చదివే పిల్ల కళ్లు కదుల్తయ్." ఆ రోజు కరుణ కళ్లు పరీక్ష పెట్టేవాడి మొహం మీద నుంచి కదల్లేదు. వేలు మాత్రం ఎక్కడ జరగాలో అక్కడ జరిగింది. అతను పచ్చ నొక్కాడు. ఇంకా రెండు బళ్లు చూడాలట, తొందరలో ఉన్నాడు. అతను చూడలేదు సరే, నేను చూశాను కదా?

తర్వాత నరసరావుపేటలో మీటింగు. ఈసారి చప్పట్లు. నీ దగ్గర అబద్ధం ఎందుకు, చానా బాగుంది నాన్నా.

యాకోబుకి ఒక్క అక్షరం రాదు. వాళ్ల ఇంట్లో పుస్తకం చదివిన మొదటి మనిషి తన కూతురేనని ఊరంతా చెప్పుకున్నాడు. ఆదివారం చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టించాడు. కోళ్లు కోయించాడు. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టాడు. వెళ్లకపోతే బాగుండదని వెళ్లానని అమ్మతో అన్నాను. నిజానికి వెళ్లాలనే ఉంది.

పాటలయ్యాక పాస్టరు అయ్యగారు బైబిలు తెరిచి, వాక్యం చదవమ్మా అని కరుణని పిలిచారు.

ఆ పిల్ల పేజీ వంక చూసింది. నా వంక చూసింది. తర్వాత వేలు పెట్టి, గట్టిగా, ఎక్కడా తడబడకుండా... వాన వెలిసింది, చేలో కొంగలు వాలాయి అని మొదలుపెట్టింది.

పాఠం మొత్తం చెప్పింది నాన్నా. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అయ్యగారు అడ్డుకోలేక అలా నిలబడిపోయారు. యాకోబు కళ్లు మూసుకుని, చేతులెత్తి, స్తోత్రం స్తోత్రం అంటున్నాడు. బైబిల్లో వానా కొంగలూ ఉన్నాయనుకున్నాడు. నేను తల దించేసుకున్నాను. ప్రార్థన చేసుకుంటున్నానని అందరూ అనుకుని ఉంటారు.

అది బైబిల్లోది కాదని సోమవారానికల్లా యాకోబుకి ఎవరో చెప్పేశారు. పిల్లని రెక్క పట్టుకుని బడికి లాక్కొచ్చాడు. నన్ను తిట్టడానికొచ్చాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. మీరింత కష్టపడి చెబితే ఈ మొద్దుది మీ పరువు తీసింది టీచర్, మన్నించండి అని దండం పెట్టాడు. నా ఎదురుగానే పిల్ల వీపు మీద రెండు బాదాడు.

నేను చెయ్యి పట్టుకుని ఆపాను. పోనీలే యాకోబూ, చిన్నపిల్ల అన్నాను.

చిన్నపిల్లట! అంటే తప్పు తనదేనని నేనూ ఒప్పుకున్నట్టే కదా? కరుణ ఏడవలేదు. నా వంకే చూస్తూ నిలబడింది. నేను చెబుతాననుకుందేమో... బెల్లు కొట్టారు. నేను క్లాసులోకి వెళ్లిపోయాను.

గురువారం వాళ్లింటికి వెళ్లి అంతా చెప్పేశాను. యాకోబు భార్య మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. చెయ్యి ఆపేసింది. యాకోబు, మరి నేను పిల్లని కొడతంటే నోరెందుకు మెదపలేదు టీచర్ అన్నాడు. గొంతు కూడా పెంచలేదు.

నువ్వైతే ఏం చెప్పేవాడివి నాన్నా? అప్పుడు యాకోబు భార్య అంది, మాకు చెప్పారు, సరే, ఆడ చర్చిలో నవ్వినోళ్లకి ఎవురు చెప్తారు అని.

మంగళవారం నుంచే రోజూ సాయంత్రం బడి అయ్యాక కరుణని ఉంచుకుంటున్నాను. గుణింతాల దగ్గర మొదలుపెట్టాం. మొదటి రోజు నల్లబల్ల మీద నాలుగు మాటలు రాస్తే, ఇయ్యి కూడా నోటికి పట్టాలా టీచర్ అని అడిగింది. అటు తిరిగి చాక్‌పీసు వెతుక్కున్నట్టు నటించాను.

ఎల్లుండి ఆదివారం. ఆరాధన అయ్యాక మాట్లాడతానని అయ్యగారిని అడిగాను, సరేనన్నారు. ఆ పిల్లకి రాక కాదు, నేను చెప్పక అని అందరి ముందూ అంటాను. ఈ మాట పై ఆఫీసు దాకా పోతుందా? పోతే పోనీ. అమ్మ కూడా అక్కడే ఉంటుంది, అదే భయం. కూతురు టీచరని ఎంత గొప్పగా చెప్పుకుంటుందో నీకు తెలుసుగా.

ఇవాళ కరుణకి కూడా ఈ సంగతి చెప్పాను. తలూపింది కానీ నమ్మలేదు. సోమవారం నోరు విప్పనిదాన్ని, ఆదివారం విప్పుతానంటే ఎందుకు నమ్ముతుంది?

విప్పుతాను నాన్నా. ఆ పిల్ల చూస్తుండగానే.

నీ అమ్మడు