దేవుడు ఆపిన కార్లు

నార్త్‌డేల్,
జులై 1997, ఆదివారం.

చి.ల.సౌ. కావ్యశ్రీకి,

నేను ఇక్కడ క్షేమం. ఇది మామూలుగా రాసే మాట కాదు, కాళ్లూ చేతులూ ఒకసారి చూసుకుని మరీ రాస్తున్నాను. నువ్వూ, మన మృదులా క్షేమమని తలుస్తాను. వీసాలు వచ్చాయని చదివి ఎగిరి గంతేశాను. ఈ దేశంలో జులై అంటే చలికాలం, స్వెటర్లు పెట్టె అడుగున సర్దకు.

ఎవరినైనా అడిగే కారు కొన్నావా అని రాశావు. ఫ్యాక్టరీలో నా ఉద్యోగమే పంపుల మీద వచ్చే ఫిర్యాదులు చదవడం, నన్నా అడిగేది అని నవ్వుకున్నాను. మా ఇంటి ఓనరు మోరీన్ అక్క వెళ్లే చర్చిలో సగం మందికి అదే మోడల్ కారు. వాళ్ల ముత్తాతలు మన కోస్తా నుంచి చెరుకు తోటల్లో పనికి వచ్చినవాళ్లే. కనిపించినవాళ్లనల్లా ఆపి అడిగాను. "లవ్లీ కారు, మ్యాన్! నో ప్రాబ్లం" అన్నారు అందరూ. ఇంకేం కావాలి? కొనేశాను.

నిన్న అక్కని ఇక్కడే ఒట్టావా అనే చిన్న ఊళ్లో ఉన్న వాళ్ల చెల్లెలింటికి తీసుకెళ్లాను. తిరిగి వస్తుంటే చెరుకు తోటల మధ్య దిగుడులో బ్రేకు తొక్కాను. పెడలు నేలకి ఆనుకుపోయింది, కారు ఆగలేదు. ఎదురుగా చెరుకు లారీ! హ్యాండ్‌బ్రేకు లాగి, స్టీరింగు తిప్పేశాను. కారు తోటలోకి దూసుకుపోయి, గడలు విరుచుకుంటూ ఆగింది. నేనింకా స్టీరింగు వదల్లేదు. అక్క మాత్రం చేతులెత్తి, "థ్యాంక్యూ జీసస్! ఆర్థర్‌కి చేసినట్టే, నార్మన్‌కి చేసినట్టే!" అంది.

"వాళ్లకేమైంది?"

"ఇట్లే కదా, తమ్ముడూ! బ్రేకు లేదు. దేవుడు కారు పట్టినాడు. చర్చిలో టెస్టిమనీ చెప్పినారు, అందరం ఏడ్చినాము."

"మరి నేనడిగితే ప్రాబ్లం లేదన్నారేం?"

అక్క నావంక జాలిగా చూసింది. "నువ్వు ప్రాబ్లం అడిగినావు. ఇది ప్రాబ్లం కాదు, మిరకిల్!"

నిర్ఘాంతపోయాను, కావ్యా. ఫిర్యాదు చేస్తే దేవుడి మేలు మరిచినట్టని వాళ్ల పట్టింపు. జరిగిన ప్రమాదాలన్నీ సాక్ష్యాలైపోయి, ఎవరూ బ్రేకుల సంగతి ఆలోచించనే లేదు.

కారుని లారీ మీద ఇంటికి చేర్పించి, ఇవాళ నేనూ అక్కతో చర్చికి వెళ్లాను. సాక్ష్యాలు చెప్పే వేళ లేచి, "ఈ మోడల్ కారుని దేవుడు ఎవరెవరికి ఆపాడు?" అని అడిగాను. చేతులు లేస్తూనే ఉన్నాయి. మొదట హల్లెలూయా అని కేకలు. తర్వాత ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. ఆర్థర్ భార్య బిడ్డను ఒళ్లోకి లాక్కుంది. కార్లు అక్కడే వదిలి, అందరూ ఇళ్లకి నడిచి వెళ్లారు. రేపు కలిసి షోరూముకి పోతున్నాం.

పోయినసారి వెంకన్నకి కొబ్బరికాయ కొట్టమన్నాను. దేనికని అడిగావు. తిట్టనంటే చెప్తాను. కారు కొన్న కొత్తల్లోనే ఒకసారి పెడలు మెత్తగా దిగిపోయింది. మళ్లీ తొక్కితే పట్టింది. దేవుడికి మొక్కుకుని, గండం గడిచిందనుకున్నాను. మెకానిక్‌కి చూపించలేదు. నీకేమో కారు బంగారమని రాశాను. ఎయిర్‌పోర్టు నుంచి మిమ్మల్ని అందులోనే తేవాలని, మృదుల పడుకోవడానికి వెనక సీట్లో దిండు కూడా పెట్టాను. ఇందాక ఆ దిండు ఇంట్లోకి తెచ్చేశాను, కావ్యా.

మీ కోసం ట్యాక్సీలో వస్తాను. ఇకమీదట నేను కొబ్బరికాయ కొట్టమని రాస్తే, దేనికో చెప్పేదాకా కొట్టకు.

ఇట్లు,
మృదుల నాన్న,
శశికాంత్.