నా పేరు మీద మీ ఇల్లు

అక్కా,

వారం వారం మీ ఇంటికి వస్తూ కూడా ఎదురుగా చెప్పలేక, హాస్టల్లో కూర్చుని రాస్తున్నాను. బావకి చూపించకు.

కొత్తగా డిగ్రీ పూర్తిచేసినవాళ్ళు మొదటి ఇల్లు కొంటే ప్రభుత్వం పన్ను మాఫీ చేస్తుందని భోజనాల దగ్గర చెప్పింది నేనే. నోరు మూసుకుని తినాల్సింది. అప్పటి నుంచి బావ నన్ను "ఓనరమ్మగారూ" అంటున్నాడు. ఫ్లాటు నా పేరు మీద, వాయిదాలు తనవి. కొన్నవాళ్ళు అందులోనే ఉండాలట కాబట్టి హాస్టల్ ఖాళీ చేసి వచ్చేయమన్నాడు. వినడానికి బాగానే ఉంది. కానీ అక్కా, ఈ రాయితీ మనిషికి ఒక్కసారే. అది మీకు వాడేస్తే, ల్యాబ్‌లో నాకొచ్చే జీతానికి ఇక సొంతిల్లు అన్న మాటే మర్చిపోవాలి.

మొన్న ఫ్లాటు చూడ్డానికి వెళ్ళినప్పుడు బావ టేపుతో కొలుస్తూ, "ఇది మాది, ఇది పిల్లలది" అన్నాడు. మరి నాదేది అంటే, బాల్కనీ పక్కన వాషింగ్ మెషీన్ పెట్టే చోటు చూపించి, "నీకు మంచం పడితే చాలు కదా" అన్నాడు. టేపు రెండో కొస నీ చేతిలో ఉంది. నువ్వు తలెత్తలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. బావ మీద కాదు, నీ మీద.

అమ్మ పోయాక బేకరీలో కాళ్ళు వాచేలా నిలబడి నన్ను చదివించావు. అందుకే శుక్రవారం సంతకానికి వస్తాను. కానీ పెట్టమని నువ్వు నీ నోటితో చెప్పాలి. బావ చెబితే పెట్టను.

నీ చెల్లి


చిట్టీ,

శుక్రవారం రాకు. సంతకం పెట్టకు. వద్దన్నది నేనేనని మీ బావతో చెప్పేశాను. ఇల్లు పీకి పందిరేశాడు. ఇప్పుడు మా మధ్య మాటల్లేవు. ఒకందుకు హాయిగానే ఉందిలే.

ఆ రోజు తలెత్తితే నీ మొహం చూడాల్సొచ్చేది. ఏడ్చేసేదాన్ని. పిరికిదాన్ని, తిట్టుకో.

నేను నిన్ను చదివించింది బదులు ఆశించి కాదు. ఇంకోసారి అలా రాశావంటే చెవి మెలిపెడతాను. ఒక్క గదైనా సరే, నీ కోసం నువ్వు కొనుక్కో.

నీకెప్పుడూ చెప్పని మాట ఒకటుంది. ఆయనతో గొడవైనప్పుడల్లా సంచి సర్దుకుంటాను. గుమ్మం దాకా వస్తాను. ఎక్కడికి వెళ్ళాలో తోచక, వెనక్కొచ్చి బట్టలన్నీ బీరువాలో పెట్టేస్తాను. అమ్మతోనే నా పుట్టిల్లు పోయింది. ఇల్లు త్వరగా చూసుకోవే. నాకూ ఒక పుట్టిల్లు కావాలి.

అక్క